చాందా బస్సుల విమానమాయన

మా రాజురా తాలూక హైదరాబాదు రాష్ట్రంలనే ఉంటదా, బొంబాయి రాష్ట్రంల కలుస్తదా అని అందరు వాదులాడుకునే రోజులు. చాందా ఊరికి పోయే బస్సు ఎగిరెగిరి పడుతుంటే, పక్కనున్నాయన తన కండువతోని నా బిడ్డను సీటు కడ్డీకి కట్టిండు.

"ఏందన్నా, దూడ అనుకున్నవా?" అన్న. బస్సంత నవ్వింది.

ఆయన నవ్వలె. "అక్కా, నేను చిన్న విమానం నడిపేటోన్ని. ఒకపారి దోస్తును ఎక్కించుకొని పోతుంటే ఇంజను ఆగింది, పత్తి చేనుల దింపిన. రెక్కలు విరిగినయి, ముక్కు నలిగింది, మేం కూసున్న జాగ మాత్రం నిలిచింది. నడుముకు పట్టీ ఉండె, నేను బతికిన. దోస్తు పోయిండు. కిందికి మంచిగ కనవడ్తదని ఆయన్ను పట్టీ ఇప్పుకోమన్నది నేనే."

నవ్వించినందుకు నాకు తల కొట్టేసినట్టయింది. అంతల బిడ్డ ఇప్పమని ఏడ్సింది. ఆయన ఇప్పుదామని ముడి దిక్కు చేతులు చాపిండు.

"ఏడిస్తే ఏడ్వనియ్యన్నా" అని ముడి మీద నా చెయ్యి పెట్టిన.