ఆముదం, మైనం, నా కుడి మణికట్టు

ఆ శుక్రవారం సాయంత్రం టీ గ్లాసు నా చేతిలోంచి జారిపోయింది. ఎవరూ తగల్లేదు. కుడిచేతి బొటనవేలు పట్టుకోనంది, అంతే.

పొద్దున జరిగింది చెప్పాలి. నేను కువైట్‌లో ఒక కట్టడాల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా స్విట్జర్లాండ్ ఇంజనీరు స్వదేశం వెళ్లిపోతూ తన స్నోబోర్డు నాకిచ్చాడు. మంచు మీద నిలబడి జారే పలక అది. కువైట్‌లో మంచుకు కాస్త కొరతేనని ఇద్దరికీ తెలుసు. ఇసుక మీదా జారుతుందనీ, అడుగున మైనం పట్టించాలనీ చెప్పాడు.

అబ్బాసియా పేటలో మా గదిలో మైనం లేదు. ఆముదం ఉంది. మా కడపవైపు తలకూ, పిల్లల కడుపుకూ, బండి ఇరుసుకూ అదే మందు. గదిలో నాతో ఉండే రాయచోటి మస్తాన్, వఫ్రా తోటలకు పికప్ నడుపుతాడు. "బాగా పట్టించు సామీ, ఇరుసుకు పట్టించినట్ల!" అన్నాడు.

వఫ్రా దగ్గరి దిబ్బ ఎక్కి పట్టీలు బిగించుకున్నాను. పలక రెండు బారలు కదిలింది. ఆముదానికి ఇసుక అట్టకట్టి ఆగిపోయింది. నా పాదాలూ ఆగాయి. మిగతా నేను ఆగలేదు. అరచేయి ముందు పెట్టి పడ్డాను.

"ఏమైందబ్బా?" అని కింద పికప్ దగ్గర్నుంచి మస్తాన్ కేక.

"దిగాను."

సాయంత్రం గ్లాసు జారాక ఆసుపత్రికి వెళితే ఎక్స్‌రే తీశారు. "ఫ్రాక్చర్ లేదు, స్ప్రెయిన్" అని కట్టు కట్టారు. వాపు తగ్గింది, నొప్పి ఉండిపోయింది. డ్రాయింగుల్లో నా గీతలు మెలికలు తిరిగాయి. మేనేజరు వాటిని చూసి, "ఇఖామా రెన్యువల్ దగ్గర పడింది. చేయి బాగైతే సరే, లేకపోతే ఖలాస్" అన్నాడు. ఇఖామా అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి.

మళ్లీ వెళ్లాను. ఈసారి ఈజిప్టు డాక్టరు. బొటనవేలి మొదట్లో ఉన్న గుంటలో నొక్కి, "ఇక్కడా?" అన్నాడు. నేను తెలుగులోనే జవాబిచ్చాను. ఆయనకు అర్థమైంది. రెండో ఎక్స్‌రేలో దొరికింది: స్కాఫాయిడ్ ఫ్రాక్చర్. "చిన్న ఎముక. మొదట్లో కనపడకపోవచ్చు. బ్లడ్ సప్లై తక్కువ. కదిలిస్తే అతకదు, ఆపరేషనే." మోచేతి కింది నుంచి బొటనవేలి దాకా ప్లాస్టర్ వేశారు.

ఎండాకాలం. లోపల దురద. మస్తాన్‌కు జాలేసి, ప్లాస్టర్ అంచున ఆముదం పోశాడు. నేనూ వద్దనలేదు. ప్లాస్టర్ మెత్తబడింది. డాక్టరు వాసన చూసి, "ఇది తాగే మందు కదా?" అన్నాడు.

"మాకు అన్నిటికీ అదే డాక్టర్."

కొత్త ప్లాస్టర్ వేసి, ఇంకొన్ని వారాలు కలిపాడు.

ప్లాస్టర్ తీశాక మణికట్టు కర్రలా బిగిసిపోయి ఉంది. ఫిజియోథెరపీలో ఒక రబ్బరు బంతి ఇచ్చి పిండమన్నారు. బంతితో ఎంతసేపని కాలక్షేపం? కొవ్వొత్తులు కొన్నాను. ఆముదం మరకలు కడిగి, పలక అడుగున మైనాన్ని ఇస్త్రీపెట్టెతో కరిగించి, చల్లారాక ఎక్కువైనది పాత స్టీలు స్కేలుతో గీకి, గుడ్డతో రుద్దేవాణ్ని. ఉక్కు అంచులు తుప్పు పట్టకుండా తుడిచి, పట్టీల మరలు బిగించేవాణ్ని.

"చేతికి వైద్యం చేస్తాండావా, చెక్కకా?" అన్నాడు మస్తాన్.

"రెంటికీ."

పలక అద్దమైంది. మరలు తిప్పే పట్టు వచ్చాక పెన్ను కూడా మాట విన్నది. మేనేజరు నా కొత్త డ్రాయింగును కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇఖామా కాగితాల మీద సంతకం పెట్టాడు.

డాక్టరు చివరి ఎక్స్‌రే చూసి, "బోన్ యూనియన్ బాగుంది, ఎముక అతికింది" అన్నాడు. జారొచ్చా అని అడిగితే ముందు నా మొహం చూశాడు. "రిస్ట్ గార్డు కట్టుకో. పడితే పిడికిలి బిగించు, అరచేయి పెట్టకు."

చలికాలంలో మళ్లీ అదే దిబ్బ. పలక కదిలింది, ఆగలేదు. అడుగుదాకా జారి, నిలబడే ఆగాను. తోటలో మేకలు మేత మానేసి చూశాయి. "యల్లా సామీ, యల్లా!" అని అరబ్బీ కలిపి హుషారుగా అరుస్తూ మస్తాన్ ఫ్లాస్కు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గ్లాసులో చాయ్ పోసిచ్చి, నా కుడిచేతినే చూస్తూ నిలబడ్డాడు. గ్లాసు జారలేదు.

ఇప్పుడు చలికాలం శుక్రవారాలు ఆ దిబ్బ మీదే గడుస్తాయి. ఇంకా పడుతూనే ఉన్నాను, మునుపటికన్నా పద్ధతిగా. తోటి పాఠకులకు ఒక్క మాట: అరచేతి మీద పడి, బొటనవేలి మొదటి గుంటలో నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగుందన్నారని ఊరుకోకండి. పదిరోజులకు మళ్లీ వెళ్లి చూపించుకోండి. ఈలోగా ఆముదాన్ని ఇరుసుకే ఉంచండి.