ఖాళీ డ్రమ్ములో తడి

దెయ్యముందని నన్ను పిలిచిన ఇళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో చాలానే ఉన్నాయి. స్విచ్చి వేయకుండానే ఫ్యాను తిరుగుతోందని ఒకరు, ఫ్రిజ్ ముట్టుకుంటే ఎవరో చెయ్యి పట్టి లాగారని ఇంకొకరు. ఇళ్లలో కరెంటు సామాన్లు బాగుచేయడం నా పని. వెళ్లి చూస్తే లూజైన న్యూట్రల్ వైరో, బోర్డులో కాపురం పెట్టిన బల్లో దొరికేది. బల్లిని బయట పడేసి, "ఇదిగోండి మీ దెయ్యం" అని చూపించి వచ్చేవాణ్ణి. అందుకని దెయ్యాల కబుర్లంటే నాకు భయం లేదు, విసుగు. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క డ్రైయర్ దగ్గరే నా నోరు పడిపోయింది.

సునామీ వచ్చిన ఏడెనిమిదేళ్ల తర్వాతి మాట. పోర్ట్‌బ్లెయిర్ శివారు గరాచర్మ చివర, పల్లం వైపు ఒక ఇంట్లో నూకాలు పిన్ని, ఆమె కూతురు రాజీ ఉండేవారు. పిన్ని మాకు చుట్టం కాదు. వాళ్లదీ మా నాన్నదీ శ్రీకాకుళం దగ్గర ఒకే తీరం, ఆ వరస. రాజీ నర్సు. మా దీవుల్లో ఏడాదిలో సగం పైగా వానే కదా, తెల్ల యూనిఫాం ఆరక, పచ్చి పచ్చిగానే తొడుక్కుని డ్యూటీకి వెళ్లేది. ట్రాన్స్‌ఫర్ మీద మెయిన్‌లాండ్ వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు ఇంటి సామాను అమ్మేస్తుంటే, ఈ డ్రైయర్, అంటే బట్టలు ఆరబెట్టే మిషన్, కొనుక్కుంది. మూడు నెలలు చక్కగా పనిచేసిందట. తర్వాత ఆగడం మానేసింది.

బట్టలు ఆరాయో లేదో ఆ మిషన్ తనంతట తానే తెలుసుకుంటుంది. డ్రమ్ము లోపల ముందు వైపు రెండు చిన్న స్టీలు పట్టీలు ఉంటాయి. తిరుగుతున్న తడి బట్ట రెండింటికీ ఒకేసారి తగిలితే సన్నగా కరెంటు పారి, ఇంకా తడి ఉందని మిషన్ లోపలి బోర్డుకు తెలుస్తుంది. బట్ట ఆరిపోతే కరెంటు పారదు, మిషన్ ఆగిపోతుంది. ఖాళీగా తిప్పితే అయిదు నిమిషాల్లో ఆగాలి. అంతకన్నా మర్మమేమీ లేదు అందులో.

నేను వెళ్లిన మొదటి రోజు అది బుద్ధిగా ఆగింది. డాక్టర్ని చూడగానే తగ్గిపోయే నొప్పులు మిషన్లకు కూడా ఉంటాయని రాజీని ఏడిపించాను. పట్టీలు స్పిరిట్‌తో తుడిచి, నూలు పొట్టు దులిపి, వైర్లు బిగించి వచ్చేశాను. మర్నాడే రాజీ ఫోన్.

"భయ్యా, ఫిర్ వహీ ప్రాబ్లమ్. మళ్లీ ఆగట్లే."

ఈసారి వెళ్లేసరికి మిషన్ తిరుగుతూనే ఉంది. తలుపు తీశాను. లోపల ఒక్క గుడ్డ లేదు. డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. అంత వేడిలోనూ ఆ రెండు పట్టీల మీద సన్నని నీటి పొర ఉంది. తుడిచాను. నేను చూస్తుండగానే మళ్లీ పట్టింది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

మాకు ఉప్పు కొత్త కాదు. సునామీని తెచ్చిన ఆ భూకంపానికి మా నేల కుంగింది. పిన్ని వాళ్ల ఇంటి వెనక పొలాల్లోకి సముద్రం వచ్చి, తిరిగి వెళ్లడం మరిచిపోయింది. తలల్లేని కొబ్బరి మాన్లు నీళ్లలో నిలబడి ఉండేవి. వాటి మధ్య మబ్బుల నీడలు మెల్లగా పోతుండేవి. వంటింటి కిటికీ దగ్గర నిలబడితే ఏది పొలమో ఏది ఆకాశమో తెలిసేది కాదు. పని మీద వెళ్లినవాణ్ణి కూడా కాసేపు చూస్తూ ఉండిపోయేవాణ్ణి. పిన్ని రోజంతా ఆ కిటికీ దగ్గరే కూర్చునేది.

ఉప్పుబావి నీళ్లతో బట్టలు ఉతుకుతున్నారేమో అనుకున్నాను. కాదు, ట్యాంకులో పట్టిన వాన నీళ్లే. చెన్నై నుంచి ఓడ మీద కొత్త సెన్సర్ వైర్లు, కొత్త బోర్డు తెప్పించి వేశాను. అయినా అంతే. కొన్ని గంటలు బాగుంటుంది, తర్వాత కొంతసేపు ఆగనంటుంది. నాకు మండుకొచ్చింది. ఎప్పుడెప్పుడు మొరాయిస్తోందో రాసిపెట్టమని రాజీకి ఒక నోటు పుస్తకం ఇచ్చాను.

పది రోజుల తర్వాత ఆ పుస్తకం మా ఇంట్లో బల్ల మీద ఉంటే మా బావ తిరగేశాడు. బావది హాడో వార్ఫ్‌లో, ఓడలు ఆగే రేవులో ఉద్యోగం. సోమవారం పన్నెండు, మంగళవారం పన్నెండూ ముప్పావు, బుధవారం ఒకటిన్నర అని రాజీ వరసగా రాసింది.

"సముద్రం పోటు టైములు నువ్వెందుకు రాసుకుంటున్నావురా?" అన్నాడు బావ.

జేబులోంచి సముద్రం పెరిగే, తగ్గే వేళలున్న పోటు పాట్ల కాగితం తీసి పక్కన పెట్టాడు. పది రోజులూ కలిశాయి. దీవిలో పుట్టినవాణ్ణి, అది నాకే తట్టాలి. తట్టనందుకు సిగ్గేసింది.

కానీ లోపల సంతోషించాను కూడా. కారణం దొరికింది కదా! పోటు వేళ నేలలో ఉప్పునీరు పైకొస్తుంది, ఇంటి ఎర్త్ వైరు పాతిన గుంతలో చేరుతుంది, అక్కణ్ణించి దొంగ కరెంటు బోర్డులోకి పాకుతోంది. పట్టీల మీద నీళ్లెలా చేరాయన్నది అప్పటికి పక్కన పెట్టాను. పరీక్ష కోసం ఇంటి కరెంటుతో, ఎర్త్‌తో పొత్తు లేకుండా మిషన్‌ని రబ్బరు చాప మీద పెట్టి, విడిగా బ్యాటరీ ఇన్వర్టర్ మీద నడిపాను. పోటు వచ్చింది. ఖాళీ డ్రమ్ము ఆగలేదు. సరే అని గోల్ ఘర్‌లో మెరక మీదున్న నా షాపుకు పట్టుకుపోయి నాలుగు రోజులు తిప్పాను. పోటుకీ పాటుకీ ఒకేలా అయిదు నిమిషాల్లో ఆగింది. తప్పు ఆ ఇంటిదేనని తేల్చి, మిషన్‌ని తిరిగి అక్కడే దింపాను.

ఆ ఇంటి గురించే తల్లీకూతుళ్లకు పోరు నడుస్తోంది. అమావాస్య పోటుకు నీళ్లు గుమ్మం తడిపి వెళ్తున్నాయి. ఎప్పుడో నిద్రలో ఉండగా లోపలికి వస్తాయని రాజీకి బెంగ. పిన్ని మాత్రం కదలనంటుంది. ఎందుకో ఒకరోజు నాకు చెప్పింది.

అప్పట్లో వాళ్లు దక్షిణాన ఇంకో దీవిలో, హట్ బేలో ఉండేవారు. సునామీ వచ్చిన ఆదివారం పొద్దున నేల ఊగాక, పిన్ని భర్త భార్యనూ కూతుర్నీ గుట్ట ఎక్కించి, పడవ ఇంజను తెస్తానని కిందికి దిగాడు. మళ్లీ రాలేదు. మూడో రోజున ఓడ వచ్చి గుట్ట మీది వాళ్లందరినీ పోర్ట్‌బ్లెయిర్ తెచ్చేసింది.

"ఇక్కడే ఉండండి, వచ్చి తీసుకెల్తానని సెప్పినాడు బాబూ. నానే ఆ గుట్ట దిగి వచ్చీసినాను," అంది పిన్ని. "ఈ ఇంటికాడికైతే నీరొస్తున్నాది. ఎప్పటికైనా దారి తెలుస్తాది ఆయనకి. పైకెల్లిపోతే ఎలా తెలుస్తాది?"

భర్తకు కర్మ కూడా చేయనివ్వలేదు ఆమె. ఇలాంటి మాటలకు విసుక్కునే నాకు ఆ పూట విసుగు రాలేదు.

తర్వాతి అమావాస్యకు, పొద్దున పది గంటలప్పుడు, నీళ్లు వంటింట్లోకి వచ్చేశాయి. చప్పుడేమీ లేదు. గిన్నెలు తేలుతూ నెమ్మదిగా గుమ్మం దాటి పొలం వైపు వెళ్తుంటే పిన్ని కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని చూస్తోందట. రాజీ ఇంక వినలేదు. ఆ రోజే తల్లిని లాక్కొచ్చి గోల్ ఘర్‌లో, నా షాపు పక్క వీధిలోనే, మూడో అంతస్తులో అద్దెకు దిగింది. డ్రైయర్‌ని నేనూ బావా మోసుకొచ్చాం.

మూడు రోజులు మిషన్ పోటు వేళల్లోనూ మామూలుగా ఆగింది. పిన్ని ఆ మూడు రోజులూ అన్నం ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను అక్కడే ప్లగ్ పాయింటు బిగిస్తున్నాను. సన్నగా వాన పడుతోంది. చూద్దామని మిషన్ ఖాళీగా వేశాను. అయిదు నిమిషాలైంది. పదైంది. ఆగలేదు. బావ ఇచ్చిన కాగితం చూస్తే సరిగ్గా పోటు. సముద్రం ఎక్కడో కింద, హార్బర్ దగ్గర ఉంది. తలుపు తీశాను. వేడి పట్టీల మీద నీళ్లు.

నా షాపుకూ ఈ ఇంటికీ ఒకటే కొండ, ఒకటే కరెంటు లైను. అక్కడ లేనిదీ ఇక్కడ ఉన్నదీ పిన్ని ఒక్కతే.

ఆమె ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు. నా పక్కన నిలబడి డ్రమ్ములోకి చూసింది.

"వచ్చీసినాడు," అంది. "ఎతుక్కుంటా ఎతుక్కుంటా వచ్చీసినాడు."

వంటింట్లోకి వెళ్లి తనే అన్నం పెట్టుకుని తింది. రాజీ ఏడుస్తూ పప్పు వడ్డించింది. నేను సామాన్లు సర్దుకుని మెట్లు దిగాను.

ఆ తర్వాత గరాచర్మ ఇంటికి తాళం వేసేశారు. ఇంక మిషన్ని ఎవరూ బాగుచేయమనలేదు. రాజీ పాటు చూసుకుని బట్టలు వేసేది. పోటు వేళ పిన్ని దాన్ని ఖాళీగా తిప్పి, పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. ముఖం కాస్త తేరుకుంది. ఆరు నెలలు పోయాక, ఇల్లు చేరినవాడికి కర్మ చేయడంలో తప్పులేదని తనే అంది. సముద్రం ఒడ్డున చేయించారు. నేనూ వెళ్లాను.

పెద్ద కర్మ అయిన మర్నాడు పిన్ని ఫోన్ చేసింది. ఆమె నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. "మిషన్ బాగయిపోనాది బాబూ," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

వెళ్లాను. నిండు పోటు. ఖాళీ డ్రమ్ము అయిదు నిమిషాల్లో ఆగింది. మళ్లీ వేశాను, మళ్లీ ఆగింది. పట్టీలు పొడిగా, కొత్తవాటిలా ఉన్నాయి. మీటరు పెట్టి అన్నీ చూశాను. ఒక్క లోపం లేదు. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"మల్లీ పాడు సెయ్యగలవా బాబూ?"

రెండు పట్టీలకూ కలిపి వెనకనుంచి చిన్న వైరు ముక్క వేస్తే చాలు, అది రోజంతా తడే అనుకుని తిరుగుతుంది. వైరు నా సంచిలోనే ఉంది. ఆమె కళ్లలోకి చూశాక ఆ మోసం చేయడానికి మనసు రాలేదు.

"ఎలా పాడయిందో నాకు తెలీదు పిన్నీ," అన్నాను. ఇప్పటికీ తెలీదు.