సున్నం కింది చేతులు

సున్నం వాసన నాకిప్పటికీ పడదు. ఇంటికి వెల్ల వేయిస్తున్నారంటే వీధిలోకి పోయి కూర్చుంటాను. పనిచెయ్యలేక వేసే వేషాలని మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం. అననివ్వండి.

నేను పుట్టింది చీపురుపల్లి అవతల ఒక మాంగనీసు గని కాలనీలో. ఖనిజం పలచబడగానే కంపెనీవాళ్ళు పట్టాలు పీక్కుని, మోటార్లు ఎత్తుకుని పోయారు. మనుషుల్ని మాత్రం ఎక్కడివాళ్ళని అక్కడే వదిలేశారు. అరవైల చివర్లో నేను ఆమదాలవలసలో పంతులుగా చేరేనాటికి అక్కడ మిగిలినవి నీళ్ళు నిండిన గోతులు, కప్పుల్లేని వరస ఇళ్ళు, మేనేజరు బంగళా, కూలీల హాజరు వేసే షెడ్డు. మనుషులంటే మా పిన్నీ, మరో పది గడపలవాళ్ళూ.

ఆ షెడ్డు గోడ మీద మా అమ్మ చెయ్యి ఉండేది. గనిలో ఎవరైనా చచ్చిపోతే, శవాన్ని ఎత్తేముందు కుడి అరచేతికి నల్లటి ఖనిజం పొడి నూనెలో కలిపి పూసి ఆ గోడకి అద్దేవారు. బతికున్నన్నాళ్ళూ వేలిముద్రలు వేసిన చోటే చివరి హాజరు కూడా పడాలని మావాళ్ళ పట్టు. గట్టు విరిగిపడి అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. అమ్మ మణికట్టు పట్టుకుని గోడకి అద్దింది పిన్నే. అమ్మకి ఫోటో లేదు. ఆ చెయ్యి తప్ప నాకు అమ్మ గుర్తంటూ ఏదీ లేదు.

ఇటుకల కోసం జనం గోడలు పడగొట్టుకుపోతుంటే ఒళ్ళు మండి, ఆ షెడ్డునైనా కాపాడమని పాత కట్టడాలు చూసుకునే ఆఫీసుకి అర్జీ మీద అర్జీ పెట్టాను. చివరికి ఒక ఆఫీసరు వచ్చి చూస్తానన్నాడు. నా కాళ్ళు నేలమీద నిలవలేదు. పెద్దవాళ్ళు వస్తున్నారు, చోటంతా శుభ్రంగా ఉంచండని పిన్నికి కార్డు రాసి పడేశాను. గోడ జోలికి పోవద్దని ఒక్క ముక్క రాయలేదు. పదిమందికి చదువు చెప్పే తెలివి నాది!

ఆ ఉదయం రైలు దిగి నేను నడిచి వెళ్ళేసరికి షెడ్డు తెల్లగా మెరిసిపోతోంది. పిన్ని మోచేతులదాకా సున్నంతో, నవ్వుతూ ఎదురొచ్చింది. ఎందుకు వేశావని అడిగితే నన్ను వింతగా చూసింది.

"పెద్దోళ్ళు వస్తన్నారని నువ్వే రాసినావు కదరా. మంచి పనికి ఒచ్చినోళ్ళకి సచ్చినోళ్ళ సేతులు ఎదురు పెడతామేటి?"

ఆఫీసరు జీపు దిగి గంటసేపు బంగళాలోనే తిరిగాడు. టేకు మెట్లు నిమిరి, దొరల అభిరుచే వేరన్నాడు. దాన్ని బాగుచేయిస్తే విడిదికి పనికొస్తుందన్నాడు. పిన్ని వండిన కోడికూర లొట్టలేసుకుంటూ తిని, షెడ్డు గోడ మొదట్లోనే పుక్కిలించి ఉమ్మాడు. దీని కింద చచ్చిపోయినవాళ్ళ చేతులున్నాయండీ అన్నాను. ఒకసారి తేరిపార చూసి, ఖాళీ షెడ్డు అని రాసుకున్నాడు. వాణ్ణి చూస్తే అసహ్యం వేసింది. అంతకన్నా నన్ను చూసుకుంటే వేసింది, పుక్కిలించడానికి చెంబుతో నీళ్ళందించింది నేనే కాబట్టి.

జీపు వెళ్ళిపోయాక నా మొహం చూసి పిన్నికి సంగతి అర్థమైంది. బొక్కెనడు నీళ్ళు తెచ్చి గోడమీద కొట్టింది. తడిసిన సున్నం కిందనుంచి చేతులు ఒక్కొక్కటే మసకమసగ్గా పైకి తేలాయి. పిన్ని వెతుక్కోలేదు. తిన్నగా ఒకదాని దగ్గర వేలు పెట్టింది.

"ఇదిగోరా, మీ యమ్మ. ముట్టుకోకు, సూడు."

నాకు చూడ్డం చాల్లేదు. ఇంకా బాగా కనబడుతుందని అరచేత్తో రుద్దాను. సున్నంతోపాటు నలుపూ పెచ్చుగా ఊడొచ్చింది. పిన్ని నా చెయ్యి పట్టుకుని లాగేసేసరికి గోడమీద రెండు వేళ్ళే మిగిలాయి. మిగతా అమ్మంతా నా అరచేతిలో, సున్నంలో కలిసి బురదలా ఉంది.