అమీర్‌పేటలో అమ్మ జాకెట్ వదులు చేయించుకున్న రోజు

పెద్దమ్మ కూతురి నిశ్చితార్థానికి రమ్మని కబురు రాగానే విమానం టికెట్టు కంటే ముందు అమ్మ చీరల పెట్టె తెరిచాను. అమ్మది సిరిసిల్ల, నాన్నది ఐర్లాండ్. పెళ్లికి ముందు అమ్మ అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉండి చదువుకుని ఉద్యోగంలో చేరింది. తొలి జీతంతో కొనుక్కున్న నెమలికంఠం రంగు పట్టుచీర, దాని జాకెట్ అక్కడే కుట్టించుకుంది. ఆ చీరే కట్టుకుని ఈ వేడుకకు వస్తానని పెద్దమ్మకు మాటిచ్చింది. ఆ మాట నెరవేరకముందే పోయింది. ఆ చీర నేను కట్టుకుని అమ్మ బదులు నిలబడాలని పంతం పట్టాను. చిక్కల్లా జాకెట్‌తోనే. అమ్మ సన్నగా ఉండేది, నాకేమో నాన్న భుజాలు వచ్చాయి.

నేను దిగిన హోటల్ బేగంపేటలో. అక్కడి నుంచి అమీర్‌పేటకు మెట్రోలో ఒక్క స్టేషనే. ఉదయం తొమ్మిదింటికి మెట్లు దిగితే కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆకాశం కనపడనివ్వలేదు. తడి జుట్టు ఆరకుండానే క్లాసులకు పరుగెడుతున్న హాస్టల్ అమ్మాయిలను చూస్తూ, వీళ్లలో అమ్మ ఎలా ఉండేదోనని నిలబడిపోయాను. బండి దగ్గర యాభై రూపాయలకు ఇడ్లీ తీసుకున్నాను కానీ ప్లేటు పెట్టుకునే చోటే లేదు. ముక్కూ మొహం తెలియని అమ్మాయి తన ప్లేటు పక్కకు జరిపింది. “ఇక్కడ పెట్టుకో అక్కా. పల్లీ చట్నీ సుత ఏపిచ్చుకో, మస్తుంటది” అంది. నాకు భలే ముచ్చటేసింది.

పదిన్నరకు మ్యాచింగ్ సెంటర్ తెరిచారు. కొత్త జాకెట్ గుడ్డ కొని సాయంత్రానికి కుట్టించుకుందామని నా ఆలోచన. షాపాయన నేను తెచ్చిన చీర కొంగు పట్టుకుని, పది రకాల నీలాలూ పచ్చలూ చంకన పెట్టుకుని వీధిలోకి నడిచాడు. రంగు చూడాలంటే ఎండలోనే చూడాలట! ఇద్దరు ఆడవాళ్లు తమ బేరాలు వదిలేసి మా వెనకే వచ్చారు.

“ఇది మరీ పచ్చగా లేదూ? ఆ పక్కది వెయ్యండి” అందొకావిడ.

“గది చీరను మింగుతదమ్మా” అంది రెండో ఆవిడ.

ఆ చీర నాదా, వాళ్లదా అన్న సందేహం ఎవరికీ రాలేదు. చివరికి షాపాయన తల అడ్డంగా ఊపాడు. “పాత చీర, రంగు వెలిసింది. కొత్త గుడ్డకు గా వెలిసిన రంగు యాడికెళ్లి వస్తది? పాత జాకెటే వదులు చేపిచ్చుకో.” అమ్మ సన్నటి జాకెట్‌లో వదలడానికి గుడ్డెక్కడుంటుందనుకుంటూ చీర మడిచాను.

వెనక సందులోనే టైలర్ ఉన్నాడు. అమ్మ సంగతి చెప్పి జాకెట్ ఇచ్చాను. ఆయన తిరగేసి, పక్క కుట్ల దగ్గర వేలు పెట్టి నవ్వాడు. “ఫికర్ జేయకు చెల్లె, లోపల మస్తు గుడ్డ ఉన్నది. రేపు పిల్లలైనంక ఒళ్లు చేస్తరని గిట్లనే ఇడిసిపెట్టి కుడ్తం.”

కుట్లు విప్పుతుంటే దగ్గరికి వంగి చూశాను. లోపల మడిచిన గుడ్డ బయటికొచ్చింది. ఇన్నేళ్లూ దానికి ఎండ తగల్లేదు. రెండు పక్కలా నిగనిగలాడే నెమలికంఠం పట్టీలు! మిగతా జాకెట్ వాటి పక్కన వెలవెలబోయింది.

“తేడా కొడ్తది. ఏం జేద్దాం?” అన్నాడు.

“కుట్టెయ్యండన్నా” అన్నాను. సాయంత్రం నాలుగింటికి నూట యాభై రూపాయలిచ్చి తీసుకున్నాను. షాపు వెనక గదిలో వేసుకుంటే సరిగ్గా పట్టింది, చీర కూడా అక్కడే కట్టుకున్నాను.

ఫంక్షన్ హాలు పంజాగుట్టలో. అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషనే అయినా చీర కుచ్చిళ్లకు భయపడి ఆటో ఎక్కాను. గుమ్మంలోనే పెద్దమ్మ ఎదురొచ్చింది. చెయ్యెత్తి దండం పెట్టబోతుంటే చంక కింది పట్టీ ఆమె కంట పడింది. అతుకు అనుకుంటుందేమోనని సిగ్గుతో చెయ్యి దించాను. ఆమె నా చెయ్యి మళ్లీ ఎత్తి, ఆ పట్టీ మీద వేళ్లు ఆనించింది.

“గిదే రంగు బిడ్డా” అంది. “కొన్ననాడు కట్టుకొని మా ముందట నిలబడ్డది సూడు మీ అమ్మ... గిదే రంగు.”

ఇద్దరం ఏడ్చేశాం.

నాకు ఊహ తెలిసేసరికే ఆ చీర వెలిసింది. నేను పుట్టకముందు, ఇరవై రెండేళ్ల వయసులో, అమ్మ మురిసిపోయిన రంగును నేను చూస్తాననుకోలేదు. ఎప్పుడో పుట్టబోయే పిల్లలను తలుచుకుని ఇక్కడి టైలర్లు గుడ్డ వదిలి కుడతారన్నది నాకు ఇంకా అబ్బురంగానే ఉంది. మీరూ పాత జాకెట్‌తో ఇటు వస్తే, ఉదయమే టైలర్‌కు ఇచ్చేయండి, సాయంత్రానికి చేతికొస్తుంది. కొత్త గుడ్డ కొనే ముందు మాత్రం ఒక్కసారి దాన్ని తిరగేసి చూడండి.