గోడ గండిలో సెట్టిమియా

నా భార్య సెట్టిమియా పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ కోడిగుడ్ల సంగతే ఎత్తారు. ఫొటో కాగితానికి పూసే తెల్లసొన కోసం రోజంతా గుడ్లు పగలగొట్టడం ఆమె పని. మిగిలిన పచ్చసొన తిని మా వీధి పిల్లలు బలిశారు. నాకు మాత్రం రోము కోటగుమ్మం పోర్తా పియా దగ్గర ఆ ఉదయమే కళ్ళలో ఆడుతుంది.

ముందురోజే ఇటలీ రాజుగారి సైన్యం ఫిరంగులతో గోడ పగలగొట్టి, పోపు చేతిలోని రోము నగరాన్ని గెలుచుకుంది. ఆ పోరును ఎవరూ ఫొటో తీయలేదు. అందుకని మా యజమాని, ఫొటోగ్రాఫరు బాల్దస్సారే ఆ సైనికులనే బతిమాలి, ఆ గండిలోకే మళ్ళీ దూకుతున్నట్టు నిలబెట్టాడు. నేను ఆయన బండి తోలేవాణ్ణి; ఆ రోజు సెట్టిమియా కూడా సాయానికి వచ్చింది. అప్పటికి మాకింకా పెళ్ళి కాలేదు.

"తుపాకులు పైకి! దూకండి! ఎవడూ కదలకూడదు!" అని యజమాని కేకేశాడు.

"కదలకుండా దూకాలా? నిన్నటి యుద్ధమే నయమయ్యా!" అంటూ సైనికులు పగలబడి నవ్వారు.

అందరికంటే ముందు నిలబడవలసినవాడు మాత్రం కూలబడ్డాడు. "నిన్న నా స్నేహితుడు ఇక్కడే పడిపోయాడు. ఈ వేషం నావల్ల కాదు," అని ఈకల టోపీ తీసేశాడు.

మందు పూసిన గాజు పలక ఆరితే ఫొటో పడదు. యజమాని జుట్టు పీక్కుంటున్నాడు. సెట్టిమియా ఆ సైనికుడి దగ్గరకెళ్ళి, "నీ కోటూ టోపీ ఇస్తావా తమ్ముడూ?" అంది.

"మతి పోయిందా నీకు?" అన్నాను.

"మా తమ్ముడు రెమీజో ఇలా ఈ ఊళ్ళోకి రావాలనే కదా, మూడేళ్ళ కిందట పోపు సైన్యంతో పోరాడి చచ్చాడు! వాడిది ఒక్క ఫొటో లేదు. వాడి మీసం తప్ప మా ఇద్దరిదీ ఒకటే ముఖమంటారుగా. అమ్మ వాణ్ణి ఒక్కసారి చూసుకోవాలి."

"సైన్యంలో ఆడదా? నా పరువేం కాను?" అని యజమాని అరిచాడు.

"పరువు చూసుకుంటూ కూచుంటే పలక ఆరిపోద్ది అయ్యగారూ!"

అప్పటికే ఆమె ఇటుకల గుట్ట ఎక్కేసింది. కెమెరా మూత తీశారు. ఆమె కాలి కింద ఇటుక జారింది. తల కదిలితే ఫొటోలో ముఖం పొగలా చెదిరిపోతుంది. మడమ దిగబడుతోంది, తల మాత్రం ఇంచు కదలలేదు. మూత పడగానే సైనికులు కేకలు పెడుతూ ఆమెను భుజాలకెత్తుకున్నారు.

ఫొటో తయారవగానే ఇద్దరం వాళ్ళమ్మ దగ్గరకు పరిగెత్తాం. ముందున్న సైనికుడి ముఖాన్ని వాళ్ళమ్మ వేలితో నిమిరి నిమిరి చూసి, కూతురి ముఖంకేసి తిరిగింది.

"మీసం గీయించుకుంటే మాత్రం నా కొడుకును గుర్తుపట్టలేననుకున్నాడా, వెధవ!" అని సెట్టిమియా చెవి మెలిపెట్టి, దగ్గరకు లాక్కుని ముద్దులు కురిపించింది.