గొంగడితో కుట్టిన గాలిసంచి

మొన్న వికారాబాద్ నుంచి తాండూరుకు రైల్లో వెళ్తుంటే, కోతలైన చేలో ఒక గొర్రెల మంద కనబడింది. గొర్రెలన్నీ పడమటికే ముఖాలు పెట్టి మేస్తున్నాయి. పరుగెత్తే రైల్లోంచి గాలి దిక్కు తెలియదని తెలిసీ, నా చెయ్యి కిటికీ బయటికి పోయింది. పక్కనున్నావిడ వానొస్తుందా అని అడిగింది.

తాండూరు నుంచి యాలాల్ వెళ్లే బాట పక్కన ఒకప్పుడు మాకొక విమానాల మైదానం ఉండేది. నిజాం కాలంలో ఎవరో పెద్దల విమానం కోసం చదును చేయించారట. పోలీస్ యాక్షన్ తర్వాత ఆ పెద్దలూ లేరు, విమానమూ లేదు, నేల మిగిలింది. వికారాబాద్ బడిలో సైన్సు చెప్పే మా మేనమామ ఆ నేల మీద మనసు పారేసుకున్నాడు. పదిమంది యువకులనూ, కాలేజీ చదువుతున్న మేనకోడలినైన నన్నూ పోగేసి విమాన సంఘం పెట్టాడు. సంఘానికి విమానం లేదు. వెదురుబద్దలు, పతంగుల కాగితం, మైదాపిండి జిగురు ఉండేవి. సెలవురోజుల్లో పొద్దున్నే రైలు దిగి, నాపరాళ్ల గనుల దుమ్ము దాటి, మంచుకు తడిసిన గడ్డి మీద నడిచేవాళ్లం. మేం వదిలిన కాగితపు విమానాలు పచ్చగా పూసిన కందిచేల మీదుగా తేలిపోతుంటే, మామ నోరు కొంచెం తెరుచుకుని అలా చూస్తూ ఉండిపోయేవాడు. రెక్క గాలిలో ఎలా లేస్తుందో ఏడేళ్లుగా పిల్లలకు చెబుతున్న ఆ మనిషి తాను ఒక్కసారీ నేల విడవలేదు.

మైదానంలో గడ్డి కోయడానికి మాకు కూలీలు లేరు. ఒక ముసలి గొర్రెల కాపరి మంద తోలుకొచ్చి మేపేవాడు. అతణ్ని తాత అనేవాళ్లం. అతని గొర్రెలు మేసినంత మేరే మా రన్‌వే. గాలి దిక్కు చూపే సంచి కుట్టే పని నాది. గుడ్డ సంచులు రెండు చిరిగిపోయాయని, తాత దగ్గర పాత ఉన్ని గొంగడి అడిగి కుట్టాను. చాలా గట్టిగా కుట్టానని గర్వపడ్డాను.

ఒక చలికాలం, హైదరాబాదు నుంచి విమాన శిక్షకుడొకాయన రెండు సీట్ల విమానంలో వస్తానని కబురు పెట్టాడు. మైదానం నచ్చితే మాకు శిక్షణ మొదలుపెడతాడు. ఆ రోజే మామను ఒక చుట్టు తిప్పి తెస్తాడు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పొద్దున తూర్పు గాలి. దానికెదురుగా విమానం దిగేట్టు తెల్ల ధోవతులు పరిచి గుర్తు పెట్టాం. ఈలోగా కొబ్బరికాయ కొట్టాలనీ, ముహూర్తం చూడాలనీ ఊరి పెద్దలు పట్టుబడితే, నేను వాదించి నోళ్లు మూయించాను. ఆ గెలుపు వేడి మీదుండగానే తాత నా దగ్గరికొచ్చాడు.

"గాలి మర్లింది బిడ్డా. గొర్లు పడమటికి తిరిగినయ్. జర గా ధోతులు మార్చుండ్రి."

గొంగడి సంచి వంక చూశాను. కదలడం లేదు; బరువు గొంగడి మెల్లని గాలికి లేవదని అప్పుడు నాకు తట్టలేదు. "గొర్ల మాట విని విమానం దించుతమా తాతా? రుజువేంది?" అన్నాను. సంఘంవాళ్లు నవ్వారు.

"రుజువెందుకు? నీ మొఖానికి తగుల్తలేదా?" అని తాత మంద తోలుకుని పక్కకు పోయాడు.

విమానం వచ్చింది. మా గుర్తు నమ్మి గాలివాటుకు దిగబోయింది. చక్రాలు నేలకు తగలవు, వేగం తగ్గదు; మైదానం చివరి దాకా తేలుతూ పోయి, రాళ్ల కట్ట మీదుగా రివ్వున లేచింది. రెండోసారీ అంతే. మామకు అర్థమై, ఇస్త్రీ చొక్కాతో పరుగెత్తి ధోవతులు లాగేసరికి అది హైదరాబాదు వైపు చుక్కయిపోయింది. వారానికి ఉత్తరం వచ్చింది: మైదానం చాలదు.

విమానం వెళ్లిపోయిన సాయంత్రమే మామ నన్ను అడిగాడు, "తాత చెప్పిండా?" చెప్పిండన్నాను. "నువ్వేమన్నవ్?" రుజువడిగానన్నాను. మామ సంఘం పుస్తకం తీసి రాశాడు: గాలి, పడమర. గమనించినది, గొర్రెల కాపరి. సంఘంలో అంతకుముందు ఎవరి పేరు పక్కనా 'గమనించినది' అన్న మాట రాయలేదు. మామ చివరిదాకా విమానం ఎక్కలేదు.

మూఢనమ్మకాల మీద జీవితమంతా రాశాను, ఇప్పటికీ రాస్తాను. కానీ ఆ రోజు మైదానంలో కళ్లు తెరిచి చూసినవాడు ఒక్కడే, నమ్మకంతో కళ్లు మూసుకున్నదాన్ని నేను. అక్కడిప్పుడు కందిచేలు. ఎన్నో తరాల గొర్రెలు గాలికెదురుగా మేసి వెళ్లిపోయాయి. నా ముఖానికి ఆ గాలి తగలడానికి ఇన్నేళ్లు పట్టింది.