క్రిసాంతో ఏరుకున్న అంకె

ఫిలిప్పీన్స్ దేశంలో, సెబూలోని మా ఆఫీసులో క్రిసాంతో విల్యావర్ అంత నిజాయితీపరుడు లేడు. ఈ మాట చెప్పేది ఒక్క క్రిసాంతోయే. ప్రోగ్రాములు రాయడం అతని పని. ఐదుగురు పిల్లలు, ఇంటికి ఒక్కటే జీతం. బిడ్డ పుట్టినప్పుడల్లా ఆఫీసులో ఒకరిని జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా పట్టేసి, ఆనాటి నుంచి 'పారే' అని వరస కలిపేవాడు. అలా నలుగురం చిక్కాం. అందులో నేనొకణ్ణి.

ఐదో పాపకు జ్ఞానతల్లిగా ఉండమని మా ఆఫీసులోనే పనిచేసే తెయొడోరాను అడిగాడు.

"నాకిప్పటికే పంతొమ్మిదిమంది జ్ఞానపిల్లలు ఉన్నారు నాయనా! క్రిస్మస్‌కి కానుకలు కొనలేక చస్తున్నా" అందామె.

మా దగ్గర అలా కాదంటే బిడ్డకు కీడు. క్రిసాంతో ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

జూన్‌లో ఆరుగురిని ఉద్యోగంలోంచి తీసేయమని పైనుంచి కబురొచ్చింది. ఆ పాపం తనకంటకూడదని మేనేజర్ రొడెల్యో, "చీటీలు తీసినట్టు జాబితాలోంచి ఆరు పేర్లు తీసేసే ప్రోగ్రాము రాయవయ్యా. అందరి ముందూ నడిపేద్దాం" అన్నాడు.

క్రిసాంతో రాశాడు. అలాంటి ప్రోగ్రాముకి మొదట ఒక అంకె ఇవ్వొచ్చు. అదే జాబితాకి అదే అంకె ఇస్తే ఎన్నిసార్లు నడిపినా అవే పేర్లు పోతాయి. మా ధర్మప్రభువు రెండు రోజులు కూర్చుని ఒక్కో అంకే వేసి చూశాడు. 4127 దగ్గర తనూ, మేం నలుగురమూ మిగిలాం. తెయొడోరా పేరు పోయింది. ఆ అంకెనే ప్రోగ్రాములో పెట్టేశాడు.

"బెంగెట్టుకోకు పారే, నీ పేరు ఉంటుంది" అని భోజనాల దగ్గర నా చెవిలో ఊదాడు.

"మరి తెయొడోరా?"

"అంతా దైవనిర్ణయం."

నాకు సిగ్గేసింది. అయినా అన్నం మాత్రం సుఖంగానే దిగింది.

సోమవారం హాల్లో తెర మీద పేర్లు వేశారు. అంతలో రొడెల్యో వచ్చి, "పొద్దున్నే ఇద్దరు రాజీనామా ఇచ్చారు. వాళ్ల పేర్లు కొట్టేసి, నలుగుర్నే తియ్యి" అన్నాడు.

క్రిసాంతో హుషారుగా కొట్టేశాడు. ఆ రెండు పేర్లు పోతే కిందివన్నీ పైకి జరుగుతాయనీ, పాత అంకె ఇప్పుడు వేరేవాళ్ల నెత్తిన పడుతుందనీ ఆ మేధావికి తట్టలేదు. "చూడండి, దీనికి చుట్టాలు లేరు, పక్కాలు లేరు" అంటూ మీట నొక్కాడు.

పోయిన నాలుగు పేర్లలో రెండోది క్రిసాంతో విల్యావర్. తెయొడోరా పేరు చెక్కుచెదరలేదు.

హాలంతా గొల్లున నవ్వింది. "ఏమయ్యా, తప్పేమైనా జరిగిందా? చెప్పు, మళ్లీ నడుపుదాం" అన్నాడు రొడెల్యో.

ఊరికే మళ్లీ నడిపితే అవే నాలుగు పేర్లు పోతాయి. అంకె మార్చాలంటే ఆ తెర మీదే ప్రోగ్రాము విప్పాలి. విప్పితే 4127 బయటపడుతుంది. అది చదివి అర్థం చేసుకోగలవాళ్లు హాల్లో ఇరవైమంది ఉన్నారు. క్రిసాంతో మొహం పాలిపోయింది. ప్రోగ్రాము వద్దు, చీటీలే తీద్దామని నన్నైనా అనమన్నట్టు నా వంక చూశాడు. అతని రెండో కొడుకుని జ్ఞానస్నానం రోజు ఎత్తుకున్నది నేనే.

చీటీలు తీస్తే ఎవరి పేరు పోతుందో ఎవరికి తెలుసు? అందరికంటే ముందు నేనే లేచి అన్నాను:

"తప్పేం లేదు సర్. బాగానే పనిచేసింది."